గాలి మీద మోపిన నేరం

మా ఆయన్ని గంజాయి కేసులో కొట్టుకుంటూ తీసుకెళ్ళిన పోలీసే ఆ ఏడు గంజాయి తోటకి కాపలా కూర్చున్నాడు. పేరు మొహాపి. ఉద్యోగం నుంచి రిటైరై, కంపెనీ ఇచ్చిన పచ్చ టోపీ పెట్టుకుని, ఊరి కింద కొత్తగా కట్టిన గ్రీన్‌హౌస్‌ల గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. నేను కట్టెల మోపుతో అటు పోతుంటే లేచి నిలబడి, "బాగున్నావా అమ్మా, న్తాతే రమోఖెలే నడుం ఎలా ఉంది?" అని, అయ్యగారన్నంత మర్యాదగా మా ఆయన గురించి అడిగేవాడు. ఆ నడుం మీద తన లాఠీ ఎన్నిసార్లు పడిందో మర్చిపోయినవాడిలా అడిగేవాడు. నేను మోపు సర్దుకుని నా దారిన పోయేదాన్ని.

మొహాపి ఒక్కణ్ణే అని ఏం లాభం. గంజాయి పండించే ఇళ్ళవాళ్ళకి సత్ప్రసాదం ఇవ్వనని ముఖం మీదే చెప్పిన ఫాదరు, ఆ ఏడు మొదట్లో తెల్ల అంగీ వేసుకొచ్చి గ్రీన్‌హౌస్‌ల మీద పవిత్ర జలం చల్లాడు. ఆ ఆదివారం ప్రసంగంలో, రోగుల బాధ చూడలేక దేవుడే ఈ మొక్కని మన కొండలకి ఇచ్చాడన్నాడు. వెనక బల్ల మీద కూర్చున్న నేను, "మరి మా పొలంలోది ఎవరిచ్చారో" అని గొణిగితే మా ఆయన మోచేత్తో పొడిచాడు.

రాజధానిలో చట్టం మారింది. మందు కోసమైతే పండించుకోవచ్చట, లైసెన్సు ఉంటే. లైసెన్సుకి ఎంత అడుగుతున్నారో విని ఊరంతా నవ్వింది. తర్వాత కంపెనీ వచ్చి మా ఆడవాళ్ళకి ఉద్యోగాలిచ్చేసరికి నవ్వడం మానేసింది. తాతల నాటి నుంచి మతెక్వానే అని పిలిచినదాన్ని అందరూ 'మందు' అనడం మొదలుపెట్టారు. కంపెనీది మందు. మాది మాత్రం మతెక్వానేగానే ఉండిపోయింది.

మా పొలం ఊరికి పైన, రాళ్ళ వెనక. మొక్కజొన్న మధ్యలో గంజాయి. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఒకప్పుడు అమ్ముకునేవాళ్ళం. ఆ ఏటికి మాత్రం అది మా ఆయన కోసమే. గనుల్లో వయసంతా పోసి వచ్చిన మనిషికి వెన్నులో పుండు పుట్టింది. పెద్దాసుపత్రి వాళ్ళు ఇంక కోయడానికి లేదని, పారాసిటమాల్ పొట్లం చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. నేను ఆకూ పువ్వూ పాలల్లో మరిగించి పొద్దున్నే ఒక గ్లాసు ఇచ్చేదాన్ని. అది తాగితే లేచి కూర్చుని, దారిన పోయేవాళ్ళని ఆటపట్టించేవాడు. తాగని రోజు దుప్పటి అంచు పళ్ళ మధ్య పెట్టుకుని కొరికేవాడు. దుప్పటికి ఒక పక్కంతా చిల్లులే.

మా అబ్బాయి త్సెలిసో అంతకుముందు చలికాలం పోయాడు. మూసేసిన గనిలో దొంగతనంగా తవ్వుతుంటే పైకప్పు కూలింది. వాడి పెళ్ళాం మాన్యకల్లో, వాళ్ళ చిన్నపిల్ల న్యకల్లో, మేమిద్దరం, ఇదీ ఇల్లు. కోడలికి గ్రీన్‌హౌస్‌లో పని దొరికింది. మా నలుగురి తిండీ ఆ పని మీదే.

పనికి ఒక చిక్కుంది. లోపలికి ఇంటి బట్టతో పోకూడదు. గేటు పక్క గదిలో అన్నీ విప్పేసి, స్నానం చేసి, వాళ్ళిచ్చిన తెల్ల సూటూ టోపీ వేసుకోవాలి. కోడలు మొగుడి చావుకి నల్ల శాలువా వేసుకుని ఉంది. మొగుడి వైపు పెద్దలు కూర్చుని, బీరు పోసి, శుద్ధి చేసి తీసేదాకా దాన్ని ఒంటి మీది నుంచి తీయకూడదు. తీస్తే పోయినవాడు దారి తప్పుతాడు. ఆ కీడు పిల్లకి తగులుతుంది.

"మరి ఎలా చేస్తున్నావే?" అని అడిగాను మొదటి వారంలో.

"నడుముకి చుట్టుకుని పైన సూటు తొడుక్కుంటున్నానమ్మా."

"ఎవరూ చూడలేదా?"

"ఆడవాళ్ళందరం ఒకే గదిలో మార్చుకుంటాం. అందరూ చూశారు. ఎవరేమంటారు? మాపులే అయితే పిన్నీసు కూడా ఇచ్చింది."

మాపులే మా పక్కింటావిడ, మొగుణ్ణి పోగొట్టుకున్నదే. కొడుకు కోసం కట్టిన గుడ్డని తీసి కొక్కేనికి తగిలించి పో అని ఏ తల్లి చెబుతుంది?

ఫిబ్రవరిలో పోతు మొక్కలు తీయాలి. అవి పుప్పొడి రాల్చకముందే తీస్తే ఆడ మొక్కలు గింజ కట్టకుండా బలంగా పూస్తాయి. ఏటా ఆయనే తీసేవాడు. ఆ ఏడు ఒంగలేక బండ మీద కూర్చుని కోడలితో తీయించాడు. ఆ అమ్మాయి పనికి వెళ్ళే ముందు వచ్చి లాగేది.

"ఆ మూలది చూడమ్మా. చిన్న సంచుల్లా వేలాడుతున్నాయే, అది పోతు. పీకెయ్. దాని పక్కది ఉంచు."

"అదీ పోతేగా అయ్యా?"

"విత్తనానికి నాలుగు ఉండాలి. లేకపోతే వచ్చే ఏడు ఏం నాటుతాం, మొహాపి టోపీనా?"

కోడలు నవ్వింది. ఆ నెలలో అది నవ్వడం నేను చూసింది అప్పుడే. గింజ మాకు విత్తనానికే కాదు, పాలు మాన్పించే పిల్లలకి దంచి జావలో కలుపుతాం. న్యకల్లో ఆ జావతోనే పెరిగింది.

"మా దగ్గర ఒక్క పోతు మొక్క కూడా లేదయ్యా. అన్నీ ఆడవే. కొమ్మలు కోసి నాటుతారు. గింజ పడితే మందుకి పనికిరాదట."

"మొగుళ్ళు లేని ఊరన్నమాట. మన ఊరే నయం, గనుల నుంచి పండక్కైనా వస్తారు" అన్నాడు ఆయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు. కోడలు వినపడనట్టు ఇంకో మొక్క లాగింది. పచ్చటి పొడి లేచి ఆమె భుజాల మీది శాలువాలో పడింది. దులుపుకుని, పిల్లని నాకు అప్పగించి కిందికి దిగిపోయింది.

ఏప్రిల్‌లో ఊరి పెద్ద మాకొవానే అందరినీ తన వాకిట్లోకి పిలిపించింది. మొగుడు పోయాక ఊరి పెత్తనం ఆవిడే చూస్తోంది. సభకి మేనేజరు సెఖామానే వచ్చాడు. రాజధాని మనిషి, మెత్తగా మాట్లాడతాడు, బూట్లకి మట్టి అంటకుండా నడుస్తాడు. అరచేతిలో ఒక పువ్వు పెట్టుకుని వేలితో విప్పి చూపించాడు. లోపల గింజలు.

"మూడో గ్రీన్‌హౌస్ అంతా ఇంతే. మందుకి పనికిరాదు, తగలబెట్టాలి" అన్నాడు. "పుప్పొడి బయటి నుంచి వచ్చింది. రెండే దారులు. గాలన్నా తెచ్చుండాలి, మనిషన్నా తెచ్చుండాలి. గాలి తెస్తే ఆ పొలమేదో తీయించి మళ్ళీ మొదలుపెడతాం. మనిషి తెస్తే మాత్రం ఈ ఊరివాళ్ళని ఇంక నమ్మలేం. పక్క లోయ నుంచి మనుషుల్ని తెచ్చుకుంటాం."

మూడో గ్రీన్‌హౌస్‌లో పనిచేసే ఆడవాళ్ళంతా ఒక వరసలో కూర్చున్నారు. నా కోడలు చివర్న ఉంది. భుజాల మీద శాలువా. వరసలో ఒక్కరూ అటు చూడలేదు. అంతమంది ఒక మనిషి వైపు చూడకుండా ఉండడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

"ఇంటి గుడ్డ ఏదైనా ఎవరైనా లోపలికి తెచ్చారా?" మేనేజరు వాళ్ళనే అడిగాడు. "చెప్పినవాళ్ళకి ఏమీ కాదు. నేను మాట ఇస్తున్నాను."

మాపులే నోరు తెరిచింది. ఆవిడకి ముగ్గురు పిల్లలు, మంచం పట్టిన తల్లి. నేనైనా తెరిచేదాన్నే.

మా ఆయన కర్ర పట్టుకుని లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

"గాలేనయ్యా" అన్నాడు. "నా పొలం నుంచి. ఈ ఏడు ఒంగలేక పోతులు తీయడం ఆలస్యం చేశాను."

"ఎక్కడ మీ పొలం?"

"అదిగో, ఆ రాళ్ళ వెనక."

మేనేజరు తలెత్తి చూశాడు. ఫిబ్రవరిలో మా లోయలో పగటి గాలి కింది నుంచి కొండ మీదికి పోతుంది. పొయ్యి వెలిగించిన ప్రతి ఆడదానికీ, గొర్రెలు కాసిన ప్రతి మగాడికీ ఆ సంగతి తెలుసు. మా పొలం పైన, గ్రీన్‌హౌస్‌లు కింద. ఆ వాకిట్లో ఒక్కరు కూడా ఆ మాట అనలేదు.

"రమోఖెలే, ఆలోచించుకునే చెబుతున్నావా?" అంది మాకొవానే.

"ఆలోచించేదేముంది, గాలి నన్నడిగి వీస్తుందా" అని ఆయన కూర్చున్నాడు.

అంతే జరిగింది. పొలం కాల్చాలని, ఇళ్ళలో ఉన్నదంతా తెచ్చి ఆ మంటలోనే వేయాలని, తర్వాత ఏ ఇంట్లో ఒక్క ఆకు దొరికినా ఆ ఇంటి ఉద్యోగం పోతుందని నిర్ణయించారు. మాపులే మా పక్క నుంచి పోతూ మా ఆయన ముందు మోకాళ్ళు కాస్త వంచి నమస్కారం పెట్టింది. నాకు ఆవిణ్ణి జుట్టు పట్టుకుని ఈడ్చాలనిపించింది.

ఇంటికొచ్చాక ఆయన మీద పడ్డాను.

"పెద్దరికం బాగానే వెలగబెట్టావు. రేపు పొద్దున్న ఏం తాగుతావు? గాలి తాగుతావా?"

"అరవకు. పిల్ల నిద్రపోతోంది."

"రేపు నువ్వు నొప్పికి అరిస్తే నిద్రపోతుందా?"

"ఏం చేయమంటావు? ఆ గుడ్డ నా కొడుకు కోసం కట్టుకుంది. సభలో విప్పించి ముక్కుతో వాసన చూపించమంటావా? పనిపోతే దాన్నీ పిల్లనీ ఏం పెట్టి సాకుతావు? ఊరు దాన్ని బతకనిస్తుందా?"

"నీ సంగతో?"

"నాది ఎన్నాళ్ళులే."

కోడలు గుమ్మం బయటే నిలబడి ఉంది. విన్నదని నాకు తెలుసు. లోపలికొచ్చి జావ కలిపింది, ఎవరి వైపూ చూడలేదు.

పొలం కాల్చడానికి మొహాపే కిరోసిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. "పాతరోజులు గుర్తొస్తున్నాయి కదా న్తాతే" అన్నాడు, మాట కలుపుదామని.

"ఎందుకు గుర్తుండవు? అప్పుడు సగమే తగలబెట్టేవాడివి. మిగతా సగం మీ ఇంటికి పోయేది" అన్నాడు మా ఆయన. చూడ్డానికొచ్చినవాళ్ళు నవ్వారు. మొహాపి కూడా నవ్వాడు.

ఇళ్ళ నుంచి జనం పొట్లాలు తెచ్చి వేశారు. ఫాదరు వంటమనిషి కూడా ఒకటి తెచ్చింది. మంట అంటుకోగానే పొగ లేచి, కొండ పైకి పోయింది. గ్రీన్‌హౌస్‌ల వైపు ఒక్క పాయ కూడా పోలేదు. మేనేజరు కారు పక్కన నిలబడి ఆ పొగ పోయిన దారినే చాలాసేపు చూశాడు. చూసి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఆయనకీ మూడో గ్రీన్‌హౌస్ గురించి పైవాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా.

మే నెల గడిచేసరికి ఆయన కూర్చోవడం మానేశాడు. మా దేశంలో చలికాలం జూన్‌లోనే, చలి ముదిరింది. పారాసిటమాల్ నీళ్ళలో కలిపి ఇస్తే తాగేవాడు, నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక. మొదట్లో మూలిగేవాడు. తర్వాత అరుపులు. ఊళ్ళో కుక్కలు ఆ అరుపులకి మొరగడం కూడా మానేశాయి.

నేను సిగ్గు విడిచి ఇల్లిల్లూ తిరిగాను. ఊరంతా ఉన్నదంతా మంటలో వేసిందంటే నేను నమ్మను. ఎవరి చూరులో ఏముంటుందో నాకు తెలియదా.

"ఉంటే ఇవ్వనా అక్కా" అంది మాపులే, గుమ్మానికి అడ్డంగా నిలబడి. ఆవిడ వెనక చీకట్లోంచి ముసలి తల్లి పొగ తాగుతున్న దగ్గు వినిపించింది. ఆ పొగ ఏమిటో నా ముక్కుకి ఒకరు చెప్పాలా? "లేదక్కా" అంది మళ్ళీ, కళ్ళనీళ్ళతో. వెనక్కి వచ్చేశాను.

మాకొవానే అయితే కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "ఇప్పుడది మందు కదా, డాక్టరు రాసిస్తే తెచ్చుకోవచ్చేమో" అంది. క్లినిక్ నర్సుని అడిగితే, అలాంటి కాగితం తానెప్పుడూ చూడలేదంది. రాసేవాళ్ళు రాజధానిలో కూడా ఉన్నారో లేదో తెలియదంది. అప్పుడు గేటు దగ్గరికి పోయాను. ఆ ఏడు మొదటిసారి మొహాపితో మాట్లాడాను.

"ఒక్క గుప్పెడు, నాయనా. పువ్వు వద్దు. కింద రాలిన ఆకులు చాలు."

"అమ్మా, ఇది విమానమెక్కే మందు. ఈ దేశంలో అమ్మడానికి వీల్లేదు. రాలిన ఆకులు కూడా తూకం వేసి మరీ కాలుస్తారు."

"ఆయన అరుపు నీకు ఇక్కడికి వినపడదా?"

"వినపడుతుంది" అన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నా కూతురు లోపలే పనిచేస్తోందమ్మా. నన్నేం చేయమంటావు?"

వాడు అలా మెత్తగా అనకుండా పాతరోజుల్లోలా తిట్టి తరిమితే బాగుండేది. తిరిగి తిట్టి నా కసి తీర్చుకునేదాన్ని.

ఆ సాయంత్రం కోడలు పని నుంచి వచ్చి, మంచానికి దూరంగా, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది.

"అయ్యా, రేపు తెస్తాను. నోట్లో పెట్టుకుని వస్తే తెలియదు."

ఆయన నొప్పి మధ్యలోంచి కళ్ళు తెరిచాడు. "పోయినవారం నోరు తెరిపించి చూడలేదూ? నువ్వే చెప్పావు."

"ఎలాగోలా తెస్తాను. నా మూలానే కదా. నేనే పోయి ఆ శాలువా సంగతి చెప్పేస్తాను."

"ఏ శాలువా?" అన్నాడు ఆయన. "గాలి అది. ఊరంతా ఒప్పుకుంది, మధ్యలో నువ్వెవరు? త్సెలిసో మీద ఒట్టెయ్. ఆకు ముట్టనని, నోరెత్తనని ఒట్టెయ్."

అది నా వైపు చూసింది. వద్దనమని చూసిందో, ఔననమని చూసిందో. నేను వేయొద్దే అందామనుకున్నాను. దొంగతనం చెయ్యవే, పట్టుబడితే పట్టుబడదాం, అందరం కలిసి అడుక్కుతిందాం అందామనుకున్నాను. ఇప్పటికీ నాకు అదే అనిపిస్తుంది. పక్కన పిల్ల గిన్నె నాకుతూ కూర్చుని ఉంది. నేను దాన్ని చూసి నోరు మూసుకున్నాను. కోడలు ఒట్టేసింది.

మాట తప్పలేదు కూడా. రోజూ వేల మొక్కల మధ్య తిరిగి వట్టి చేతులతో ఇంటికొచ్చేది. ఆ చేతుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు. ఆయన బాధకి అది కారణమని కాదు, ఆయన మాట వింది కదా అని నా కోపం.

మూడోనాడు మంచు పడింది. కోడలు వచ్చీ రాగానే ముఖం కడుక్కోవడానికి పోలేదు, నిప్పు దగ్గరికీ రాలేదు. నేరుగా ఆయన మంచం దగ్గరికి పోయింది. మాలో కోడలు మామ ముందు తల మీది గుడ్డ తీయదు. ఆయన పేరు పలకదు, కూర్చున్నచోట కూర్చోదు. అన్నం గిన్నె కూడా చేతికివ్వకుండా నేల మీద పెట్టి పోతుంది. ఇన్నేళ్ళలో అది ఒక్కసారి తప్పింది లేదు. ఆ రోజు మంచం పక్క మోకరించి తలగుడ్డ విప్పేసింది. మొగుడి చావుకి గొరిగించిన జుట్టు అప్పటికి వేలెడు పెరిగింది. తల వంచి ఆయన తలగడ మీద, ముఖానికి దగ్గరగా పెట్టింది.

ఇంటి నిండా ఆ వాసన వచ్చింది. గేటు దగ్గర నోరు వెతుకుతారు, చంకలు వెతుకుతారు, టోపీ దాటి జుట్టులోకి పట్టిన వాసనని మాత్రం ఎవరు తీసుకోగలరు? ఆయన మొదట ముఖం పక్కకి తిప్పుకున్నాడు. కోడలి తల అంత దగ్గరగా చూడడం ఆయనకి పాపం. తర్వాత నెమ్మదిగా ఇటు తిరిగి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి లోపలికి పీల్చాడు. నేను తలుపు మూసేశాను, ఎవరూ చూడకుండా.

ఆయన పోయేదాకా రోజూ అదే. పని నుంచి నేరుగా వచ్చి, తల విప్పి, వంగేది. వాసనకి నొప్పి తగ్గదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. అయినా ఆ వేళకి వాకిట్లో కోడలి అడుగులు వినపడగానే, ఆయన తలగడ మీద దానికి కాస్త చోటు ఉండాలని పక్కకి జరిగేవాడు. అలా జరగడానికి ఆయనకి ప్రాణం పోయినంత నొప్పి పుట్టేది.